ఫోన్ మోగితే దడ... పిన్నికి ఇప్పుడేమని చేయను?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఫోన్ మోగితే ఆగేదాకా దాన్నే చూస్తూ కూర్చుంటాను. ఆగాక ‘మీటింగ్‌లో ఉన్నా, ఏంటి?’ అని మెసేజ్ పెడతాను. నెల క్రితం రాజమండ్రిలో మా బాబాయి పోయారు. వెళ్లడం కుదరలేదు. గ్రూపులో ‘ఓం శాంతి’ పెట్టాను గానీ పిన్నికి ఫోన్ చేయలేదు. ‘ఎత్తుకుని పెంచానే, ఒక్క మాట మాట్లాడలేకపోయిందా’ అందట. ఇప్పుడేమని చేయను?

జవాబు: ముందు పిన్ని సంగతి. నెల దాటింది, ఇంకేం బాగుంటుంది అని ఆగకు. పెద్దకర్మ అయ్యేదాకా ఆ ఇంట్లో ఫోన్ మోగుతూనే ఉంటుంది, చుట్టాలు ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయాకే ఇల్లు బోసిపోతుంది. ‘పిన్నీ, నేనే. అప్పుడే చేయాల్సింది, ఏం మాట్లాడాలో తెలియక భయపడ్డాను’ అను. మీటింగులని మాత్రం చెప్పకు, అబద్ధమని తెలిసిపోతుంది. ఆవిడ ఏడవచ్చు, నాలుగు తిట్టచ్చు, మాట్లాడకుండా ఉండిపోవచ్చు. నువ్వు ఊ కొడుతూ ఉండు. పరామర్శకి వెళ్లినవాళ్లు మాత్రం ఏం మాట్లాడతారు, కాసేపు పక్కన కూర్చుని లేచి వస్తారు.

ఇక భయం. మెసేజ్ అయితే రాసి, చెరిపి, మళ్లీ రాయచ్చు, ఫోన్‌లో నోరు జారితే జారినట్టే, అందుకే నీకు ఫోనంటే టెన్షన్. మోగడం ఆగిపోగానే ‘హమ్మయ్య’ అనిపిస్తుంది చూడు, అసలు చిక్కంతా అక్కడే. ఎత్తకపోవడం వల్లే గట్టెక్కానని మనసు నేర్చేసుకుంటుంది, మర్నాడు ఇంకాస్త ఎక్కువ భయపెడుతుంది. మీ అమ్మావాళ్లు ఎస్టీడీ బూత్‌లో మీటరు గిర్రున తిరుగుతుంటే, వెనక పదిమంది నిలబడి వింటుంటే మాట్లాడారు. 1995లో సెల్ ఫోన్లు వచ్చిన కొత్తలో ఎత్తినవాళ్లకీ బిల్లు పడేది. వాళ్లేదో ధైర్యవంతులని కాదు, వేరే దారి లేదు, అంతే. నీకు వాట్సాప్ ఉంది కాబట్టి తప్పించుకోగలుగుతున్నావు.

కాబట్టి చిన్నవాటితో మొదలుపెట్టు. కిరాణా కొట్టుకి ఫోన్ చేసి పాల ప్యాకెట్లు ఉన్నాయా అని అడుగు. డెలివరీ అబ్బాయి చేస్తే కట్ చేయకుండా ఎత్తి దారి చెప్పు. మొదటి వాక్యం కాగితం మీద రాసుకో, నవ్వుకోకు, చాలామందికి పనికొస్తుంది. ‘ఏడింటికి చేస్తాను’ అని ముందు మెసేజ్ పెట్టడంలో కూడా తప్పు లేదు, ఏడింటికి నిజంగా చేస్తే. ఇంట్లో ఎవరైనా కళ్లు తిరిగి పడిపోతే 108కి నోటితోనే చెప్పాలి కదా, ఆ రోజు కోసమైనా నోరు అలవాటు పడాలి.

ఫోన్ ఒక్కటే కాక, నలుగురిలో మాట్లాడాలన్నా చేతులు వణికి, కడుపులో తిప్పి, ఉద్యోగానికే అడ్డమవుతుంటే మాత్రం సైకాలజిస్టుని కలువు. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, ఉచితం, రాత్రీపగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడచ్చు. (ఫోనంటే భయమన్నదానికి ఫోన్ నంబరే ఇస్తున్నాను, ఏం చేయను!)

పిన్ని మధ్యాహ్నం పూట పడుకుంటుందేమో, ఎప్పుడు చేస్తే తీరిగ్గా మాట్లాడుతుందో మీ అమ్మని కనుక్కో. అది కూడా మెసేజ్‌లో వద్దు, ఫోన్ చేసే అడుగు.