2 లక్షల కిలోమీటర్లు తిరిగిన ఫోర్ వీల్ డ్రైవ్ కొంటే, రేపు గేర్‌బాక్స్ పోతే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: 2 లక్షల 10 వేల కిలోమీటర్లు తిరిగిన డీజిల్ ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఒకటి చూశాను. అమ్మేది డీలరు కాదు, సొంతానికి వాడుకున్న ఓనరే. సస్పెన్షన్ ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేయించి, ముందు బుల్ బార్ (బంపర్ ముందు వేసే ఇనుప కడ్డీల చట్రం) బిగించారు. "ఇంజిన్ రాయిలా ఉంది, ఉన్నది ఉన్నట్టు అమ్ముతున్నా" అంటున్నారు. పేరు మార్పిడి తర్వాత తీరిగ్గా చేసుకుందాం అని కూడా అన్నారు. నేను కొనేదే ఆఫ్-రోడ్ ట్రిప్పుల కోసం. కొన్న నెలకే గేర్‌బాక్స్ పోతే ఆయన మీద కేసు వేయవచ్చా? ఈ మార్పులతో నాకేమైనా ఇబ్బంది వస్తుందా? కొంచెం టెన్షన్‌గా ఉంది.

జవాబు: గేర్‌బాక్స్ పోయిందన్న ఒక్క కారణంతో వేసిన కేసు నిలబడదు. అంత తిరిగిన బండిలో భాగాలు అరగడం సహజమే అంటుంది కోర్టు. అమ్మినాయన మీతో అబద్ధం చెప్పారని, ఆ అబద్ధాన్ని నమ్మే మీరు కొన్నారని చూపించగలిగితే మాత్రం కథ మారుతుంది.

వస్తువును చూసుకుని కొనే బాధ్యత కొనేవాడిదేనన్నది 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్‌లోని మూలసూత్రం. దానికి ఉన్న మినహాయింపులు ఎక్కువగా ఆ సరుకు వ్యాపారం చేసేవాళ్లకు వర్తించేవి. మీ ఓనరు వ్యాపారి కాదు కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి కూడా దాదాపు మూసుకుపోయినట్టే. అదే బండిని సెకండ్ హ్యాండ్ డీలరు దగ్గర కొని ఉంటే, రెండేళ్లలోపు అక్కడ ఫిర్యాదు చేసుకునే వీలుండేది. ధర కొంచెం ఎక్కువైనా కొందరు డీలరు దగ్గరే కొనడానికి ఇదొక న్యాయమైన కారణం.

మీకు మిగిలేది 1872 నాటి కాంట్రాక్టు చట్టం. తప్పని తెలిసి చెప్పినా, ఉన్న లోపాన్ని కావాలని కప్పిపెట్టినా 17వ సెక్షన్ కింద అది మోసం. మీటరు వెనక్కి తిప్పడం, పగిలిన ఛాసిస్‌కు (బండి అడుగు చట్రానికి) వెల్డింగ్ కొట్టి పైన రంగు పూయడం ఇలాంటివే. "ఉన్నది ఉన్నట్టు" అన్న మాట ఈ మోసాన్ని కాపాడదు. అయితే 19వ సెక్షన్ చివర ఒక మినహాయింపు ఉంది, చాలామంది అక్కడే ఓడిపోతారు. అమ్మేవాడు కేవలం చెప్పకుండా ఊరుకున్నా, తెలియక తప్పు చెప్పినా, మామూలు జాగ్రత్తతో మీరే నిజం కనుక్కోగలిగి ఉంటే ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు మీకు ఉండదు. అంటే మెకానిక్‌కు చూపించకుండా కొని, తర్వాత "నాకు చెప్పలేదు" అనడం కుదరదు.

కాబట్టి డబ్బు ఇచ్చే ముందే ఈ తరహా బండ్లు తెలిసిన మెకానిక్‌తో లిఫ్ట్ మీద చూపించండి. అడుగున ఛాసిస్ తుప్పు, వెల్డింగ్ గుర్తులు చూడాలి. ఛాసిస్ మీద చెక్కిన నంబరు ఆర్సీలో ఉన్న నంబరుతో అక్షరం అక్షరం సరిపోవాలి. డిఫరెన్షియల్ (ఇరుసు మీద రెండు చక్రాలకు శక్తి పంచే గేర్లు), ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక ఇరుసులకు శక్తి పంచే గేర్ల పెట్టె) ఆయిల్ కొద్దిగా తీయించండి, పాలలా తెల్లబడి ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయని అర్థం. నాలుగు చక్రాలూ లాగే ఫోర్-హై (మామూలు వేగానికి), ఫోర్-లో (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగడానికి) రెండూ వేసి నడిపించాలి, అదీ మట్టి నేల మీద. పార్ట్-టైమ్ సిస్టమ్ (అవసరమైనప్పుడే ఫోర్ వీల్ వేసుకునేది) ఉన్న బండిని పొడి తారురోడ్డు మీద ఫోర్ వీల్‌లో తిప్పితే గేర్లు బిగుసుకుంటాయి, బాగున్న బండి కూడా చెడుతుంది. మెకానిక్ రాసిచ్చిన రిపోర్టు దాచుకోండి. మీరు జాగ్రత్త పడ్డారనడానికి అదే సాక్ష్యం.

ఆ తర్వాత సేల్ లెటర్. "ఇంజిన్ రాయిలా ఉంది" అన్నది గొప్పలు చెప్పుకోవడం, కోర్టులో దానికి విలువ లేదు. "గేర్‌బాక్స్ విప్పలేదు, బండి నీళ్లలో మునగలేదు, పెద్ద యాక్సిడెంట్ కాలేదు" అన్నవి నిజమో అబద్ధమో తేల్చగలిగిన మాటలు. వాటిని ఆయన సంతకంతో రాయించుకోండి. సంతకం పెట్టడానికి వెనకాడితే అదే మీకు జవాబు. కిలోమీటర్ల దగ్గర ఒక మెలిక ఉంది. కంపెనీ సైజు కన్నా పెద్ద టైర్లు వేస్తే మీటరు తక్కువ చూపిస్తుంది, అంటే బండి నిజంగా తిరిగింది అంతకన్నా ఎక్కువే. ఇందులో మోసం ఉండకపోవచ్చు. అందుకే మీటరు రీడింగ్‌తో పాటు ఆ టైర్లు ఎప్పుడు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర వేశారో కూడా రాయించండి. పాత సర్వీస్ బిల్లులతో పోల్చి చూడండి.

నన్ను ఎక్కువ కంగారు పెట్టేది ఆ మార్పులే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతి గట్టిగా చెప్పింది. బుల్ బార్ల మీద చర్య తీసుకోమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. మార్చింది పాత ఓనరే అని మీరు వాదించవచ్చు గానీ రోడ్డు మీద ఆపినప్పుడు స్టీరింగ్ ముందు ఉండేది మీరే. పైగా 15 ఏళ్లు నిండి రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కు వెళ్లినప్పుడు ఇదే బండి అక్కడ ఆగిపోతుంది. ఆయన ఖర్చుతో కంపెనీ రూపానికి తెప్పించి ఇమ్మనండి, లేదా ఆ ఖర్చును ధరలో తగ్గించమనండి.

పేరు మార్పిడి వాయిదాకు మాత్రం ఒప్పుకోవద్దు. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో ఆర్టీఓకు తెలపాలి. పేరు మార్పిడి పత్రాలైన ఫారం 29, 30 మీద సంతకాలు డబ్బుతో పాటే చేతులు మారాలి. ఆ బండితో ప్రమాదం జరిగితే, ఆర్టీఓ రికార్డులో ఎవరి పేరు ఉంటే పరిహారం బాధ్యత వారిదేనని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే ఆలస్యం వల్ల ముందు నష్టపోయేది ఆయనే. అయినా ఆయనే తీరిగ్గా అంటున్నారంటే లోను తీరలేదేమో, చలాన్లు ఉన్నాయేమో, వేరే రాష్ట్రం ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) రాలేదేమో అని అనుమానించాలి. కేంద్ర రవాణా శాఖ పరివాహన్ సైట్‌లో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. హైపోథికేషన్ (ఆర్సీలో బ్యాంకు తాకట్టు) ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఆ తాకట్టు తీసేయించే ఫారం 35 చేతికి వచ్చాకే చివరి విడత ఇవ్వండి.

ఇన్సూరెన్స్ పేరు మార్పుకు 14 రోజుల్లో దరఖాస్తు చేయాలి. థర్డ్ పార్టీ కవర్ చట్ట ప్రకారమే మీకు బదిలీ అవుతుంది, కానీ సొంత బండి డ్యామేజీ దగ్గర పేరు మారలేదని కంపెనీ పేచీ పెట్టే అవకాశం ఎక్కువ. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు. ఆఫ్-రోడింగ్‌లో అరుగుదలకు, మెకానికల్ బ్రేక్‌డౌన్‌కు పాలసీ డబ్బు ఇవ్వదు. వాగులో దిగి ఇంజిన్‌లోకి నీళ్లు పోతే, ఇంజిన్ ప్రొటెక్ట్ లాంటి యాడ్-ఆన్ (అదనంగా డబ్బు కట్టి తీసుకునే కవర్) లేనిదే క్లెయిమ్ కష్టం. రేసులు, రిలయబిలిటీ ట్రయల్స్ (బండి తట్టుకునే శక్తికి పెట్టే పరీక్షలు) లాంటి పోటీల్లో దిగితే అసలు కవర్ ఉండదు. కొన్నాక ఆయిల్ మార్పుల బిల్లులు పారేయకండి, మీ నిర్లక్ష్యం వల్లే చెడిందన్న వాదనకు అవే జవాబు.

మట్టిదారి అభయారణ్యంలోకో నేషనల్ పార్కులోకో వెళ్తుంటే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ముందుగా అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. "గేటు తెరిచే ఉంది" అన్నది అక్కడ పనికిరాదు. కేసు పెట్టడమే కాదు, బండిని స్వాధీనం చేసుకునే అధికారం కూడా వాళ్లకు ఉంది.