అప్పుడప్పుడు తలకి ఒకవైపే నొప్పి ఎందుకొస్తుంది?

ఇలా వచ్చిపోయే నొప్పికి ఎక్కువసార్లు కారణం మైగ్రేన్, అంటే పార్శ్వపు నొప్పి. మెడ పట్టేయడం, దవడ కీలు, పన్ను సమస్యల వల్ల కూడా రావచ్చు. ముఖానికీ నుదుటికీ స్పర్శ తెలిపే ట్రైజెమినల్ నరం కుడికొకటి, ఎడమకొకటి ఉంటుంది. ఏ వైపుది రేగితే ఆ వైపే నొప్పి. మెడ పైభాగపు నరాల సంకేతాలు కూడా లోపల దీనితోనే కలుస్తాయి, అందుకే తేడా మెడలో ఉన్నా కంటి వెనక లాగినట్టుంటుంది.

ఉదాహరణకి, సరిగా నిద్రపోని మర్నాడు కుడి కణత దగ్గర నాడి కొట్టుకున్నట్టు పోటు మొదలైందనుకోండి. మెట్లెక్కితే ఎక్కువవుతుంది, వెలుతురు చూడలేరు, కడుపులో తిప్పుతుంది. ఇది అచ్చంగా మైగ్రేనే. మందు వేసుకోకపోతే 4 నుంచి 72 గంటలు ఉండొచ్చు.

ఒకవైపే నొప్పి అనగానే మెదడులో గడ్డేమోనని చాలామంది హడలిపోతారు. ఏళ్ల తరబడి వచ్చి పోతూ, మధ్యలో మనిషి మామూలుగా ఉంటే దానికి గడ్డ కారణం కావడం చాలా అరుదు. 50 ఏళ్లు దాటాక కొత్తగా కణత నొప్పి, నమిలితే దవడ నొప్పి మొదలైతే మాత్రం వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. అది రక్తనాళాల వాపైతే చూపు పోయే ప్రమాదం ఉంది.