సమాంతర మాస్‌ఫెట్లలో ఒకటే పదేపదే కాలిపోతుంటే

సమాంతరంగా కలిపిన నాలుగు మాస్‌ఫెట్లలో (కరెంటును ఆన్, ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్లు) ఒకటే ఎందుకు పదేపదే కాలిపోతోందని అడిగారు. ఆ నాలుగింటి గేట్లూ (ఆన్, ఆఫ్ సంకేతం అందుకునే కాళ్లు) ఒకే 10 ఓమ్‌ల రెసిస్టర్ వెనుక నేరుగా కలిసి ఉండటమే బహుశా అసలు కారణం. అలా కలిపితే గేట్ కెపాసిటెన్స్, తీగల ఇండక్టెన్స్ కలిసి స్విచ్చింగ్ క్షణంలో మాస్‌ఫెట్ల మధ్యే డోలనం పుట్టిస్తాయి. గేట్లకు సంకేతం ఇచ్చే డ్రైవర్ చిప్‌ను మార్చినా ఇది పోదు.

1. ప్రతి గేటుకూ, దాని పిన్‌కు ఆనుకుని, విడిగా ఒక రెసిస్టర్ పెట్టండి. 4.7 ఓమ్‌లతో మొదలుపెట్టవచ్చు.

2. చాలామంది మరిచేది సోర్స్ వైపు (మాస్‌ఫెట్‌లో ప్రధాన కరెంటు పారే రెండు కాళ్లలో ఒకటి సోర్స్, రెండోది డ్రెయిన్). డ్రైవర్ రిటర్న్‌ను (గేట్ కరెంటు డ్రైవర్‌కు తిరిగి వెళ్లే తీగ) ఉమ్మడి పవర్ ట్రాక్ నుంచి కాకుండా ప్రతి మాస్‌ఫెట్ సోర్స్ కాలి మొదట్లోనే తీసుకుని, ఒక్కోదానిలో 1 ఓమ్ రెసిస్టర్ వేయండి. సోర్స్ మార్గాల మధ్య 10 నానోహెన్రీల తేడా ఉన్నా, కరెంటు నానోసెకనుకు 1 ఆంపియర్ చొప్పున మారితే 10 వోల్టుల తేడా ఏర్పడుతుంది. దానివల్ల సన్నని రిటర్న్ తీగల్లో తిరిగే కరెంటును అడ్డుకునేది ఆ రెసిస్టరే. దయచేసి ఈ మెట్టు వదలకండి.

3. నాలుగింటికీ ఒకే డ్రైవర్‌ను ఉంచండి. వేర్వేరు డ్రైవర్ల ఆలస్యాలు కలవవు.

4. డీశాట్ రక్షణ (ఆన్‌లో ఉన్న మాస్‌ఫెట్ మీద వోల్టేజీ మితిమీరితే దాన్ని ఆపేసే ఏర్పాటు) ఉమ్మడి డ్రెయిన్ వోల్టేజీనే చూస్తుంది, కాబట్టి ఒక్క మాస్‌ఫెట్ మీద పడే అదనపు భారాన్ని అది పట్టుకోలేదు. తక్కువ వోల్టేజీతో మొదలుపెట్టి, ప్రతి గేటునూ దాని సొంత సోర్స్‌తో పోల్చి ఆసిలోస్కోప్‌లో చూడండి.