చేలో పనలు, పైన మబ్బు

ప్రశ్న: అయ్యా, మాది కృష్ణా డెల్టా. పోయిన వారం మా జిల్లాకు భారీ వర్షం అంటూ నారింజ రంగు హెచ్చరిక ఇచ్చారు. కోత ఆపి కూలీలను వెనక్కి పంపేశాను. మా ఊళ్లో చినుకు పడలేదు. 15 కిలోమీటర్ల అవతల మా చెల్లెలి ఊళ్లో మాత్రం పనలు నీళ్లలో తేలాయి. వచ్చే వారం మళ్లీ అల్పపీడనం అంటున్నారు. ఈ వారం సూచనను నమ్మి కోత ఆపాలా, కానివ్వాలా?
– ఒక వరి రైతు

జవాబు: మీ చెల్లెలి గారి పనల సంగతి చదివి మనసు కలుక్కుమంది. ఆరుగాలం పడ్డ కష్టం చేలోనే మొలకెత్తితే ఎలా ఉంటుందో మా ఇంట్లోనూ చూశాను. ఆ పనలు ఇంకా తడిగానే ఉంటే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి, పనలు తిరగేస్తూ పిచికారీ చేయమనండి. మొలక కొంతైనా ఆగుతుంది.

ఇక మీ ప్రశ్న. హెచ్చరికలో ‘భారీ వర్షం’ అన్న మాట పక్కనే ‘ఒకటి రెండు చోట్ల’ అని ఉండే ఉంటుంది. మనం ముందు మాట వింటాం, రెండోది వదిలేస్తాం. వాతావరణ శాఖ లెక్కలో ఆ మాటకు కొలత ఉంది. ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా పడుతుందని అర్థం. ‘కొన్ని చోట్ల’ అంటే సగం దాకా, ‘అనేక చోట్ల’ అంటే ముప్పావు వంతు దాకా. భారీ వర్షమంటే 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు. అది మీ చెల్లెలి గారి ఊళ్లో పడింది, మీకు పడలేదు. సూచన తప్పలేదు. కానీ అది మీ ఒక్క ఊరికి ఇచ్చిన మాట కాదు.

ఏడు రోజుల సూచనలో అన్ని రోజులకూ ఒకే బలం ఉండదు. సూచన లెక్క మొదలయ్యేదే ఇవాళ్టి కొలతలతో. నేను 28 ఏళ్లు వాతావరణ పరిశీలకుడిగా ఆ కొలతలు తీశాను. పొద్దున 8.30కి గాలి ఒత్తిడి కొలిచే పాదరసం బారోమీటరు చూడాలంటే, ముందుగా దానికి తగిలించిన థర్మామీటరు చదవాలి. ఆలస్యమైతే మన ఒంటి వేడికే అంకె మారిపోతుంది. తర్వాత గాజు మీద వేలితో మెల్లగా తట్టి, కన్ను పాదరసం ఎత్తుకు తెచ్చి, వెర్నియర్ అనే జరిగే చిన్న కొలబద్దను దించుకుంటూ వచ్చి దాని తలకు తగలగానే ఆపాలి. ఎంత జాగ్రత్తపడ్డా పిసరంత తేడా ఉండనే ఉంటుంది. పైగా నడి సముద్రంలో అలా చూసే మనిషి లేడు. 1961లో అమెరికా వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ తన కంప్యూటరు లెక్కలో 0.506127 బదులు 0.506 వేస్తే, కొన్నాళ్ల తర్వాతి వాతావరణం పూర్తిగా వేరేగా వచ్చింది. మొదటి రోజు కనబడని తేడా ఆరో రోజుకు అల్పపీడనాన్ని మచిలీపట్నం వైపు తేవచ్చు, తమిళనాడుకు దించేయవచ్చు.

అందుకే మొదటి మూడు రోజుల మాట మీద పని పెట్టుకోండి. తర్వాతి నాలుగు రోజుల మాటను రోజూ మళ్లీ చూడండి. ఐదో రోజు వాన అన్నది మర్నాడు చూసినా నాలుగో రోజు మీదే నిలబడితే, ఆ మర్నాడు మూడో రోజు మీదే ఉంటే, అంటే వాన తేదీ మారకుంటే, దాన్ని గట్టిగా నమ్మండి. అటూ ఇటూ జరుగుతుంటే ఇంకా తేలలేదన్నమాట. మంగళ, శుక్రవారాల్లో మీ జిల్లాకు వ్యవసాయ వాతావరణ బులెటిన్ వస్తుంది. అది 5 రోజులకే ఇస్తారు, పంట పేరు పెట్టి చెబుతారు. దాన్ని వదలకండి.

మీ పనలు ఆరడానికి మూడు నాలుగు రోజులు, కుప్ప వేయడానికి ఇంకో రోజు కావాలి కదా. వాన ఐదో రోజు అంటుంటే ఆ లెక్కకు సందు చాలదు. ఉన్న మనుషులతో, ఉన్న బరకాలతో ఒక్క పూటలో కుప్ప వేసి కప్పగలిగినంత మేరే కోయించండి. మిగతాది నిలబడే ఉండనివ్వండి. గాలికి పడిపోతుందేమోనన్న భయం నిజమే. అయినా నిలబడ్డ చేను తడిసి ఆరుతుంది, నీళ్లలో పడుకున్న పనకు ఆ వీలు లేదు. నా చేనైనా నేను ఇదే చేస్తాను.

ప్రశ్న: మా ఊళ్లో మంగళవారం సాయంత్రం కుండపోత. లెక్కలో బుధవారం వాన అని రాశారు. ఎందుకు?
– ఒక పాఠకురాలు

జవాబు: వాన రోజు అర్ధరాత్రితో మారదమ్మా. పొద్దున 8.30 నుంచి మర్నాడు 8.30 దాకా పడిందంతా కలిపి, కొలిచిన తేదీ మీద రాస్తారు. మీ మంగళవారం సాయంత్రపు వాన బుధవారం పొద్దున కొలతగాజులోకి వచ్చింది.

ప్రశ్న: అల్పపీడనం, వాయుగుండం, తుపాను... తేడా వానలోనా?
– ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: గాలిలో, బాబూ. గంటకు 31 కిలోమీటర్ల లోపు గాలి అయితే అల్పపీడనం, 31 నుంచి 50 దాకా వాయుగుండం, 62 దాకా తీవ్ర వాయుగుండం, అది దాటితే తుపాను. వాన ఈ వరసలో పెరగాలని లేదు. కదలకుండా ఒకచోట కూర్చున్న వాయుగుండం, తొందరగా దాటిపోయే తుపాను కంటే ఎక్కువ నీళ్లు కుమ్మరించగలదు. ‘ఇంకా తుపాను కాలేదులే’ అని మీ ఇంట్లో ఎవరైనా అంటే ఈ మాట చెప్పండి.