సవన్నా చూడ్డానికి వెళ్తున్న చిన్నాకి

చిన్నా, పిల్లల్తో సవన్నా వెళ్తున్నావని పిన్ని చెప్పింది. అట్లాంటా నుంచి నాలుగు గంటలే కదా అని మధ్యాహ్నం బయల్దేరొద్దు, పొద్దున్నే బయల్దేరు.

అమెరికా స్వాతంత్ర్య పోరాటంలో బ్రిటిష్ వాళ్ళ మీద 1779లో ఇక్కడ జరిగిన యుద్ధం గురించి చూద్దామని అందరూ నేరుగా మ్యూజియం దగ్గర మళ్ళీ కట్టిన మట్టికోటకే పోతారు. మేమూ మొదటిసారి అంతే, ఫోటోలు దిగి వచ్చేశాం, పిల్లలకి ఏమీ అర్థం కాలేదు, నిజం చెప్పాలంటే నాకూ కాలేదు. నువ్వు ముందు నది ఒడ్డునున్న రివర్ స్ట్రీట్‌కి దిగు. మెట్లు నిటారుగా ఉంటాయి, కింద పాత ఓడల్లో బరువు కోసం వేసుకొచ్చిన రాళ్ళు పరిచారు, చెప్పులతో జారతారు, షూస్ వేయించు. కథ ఆ నది దగ్గరే మొదలెట్టు, ఎందుకంటే నా లెక్కలో అమెరికన్లూ వాళ్ళకి సాయమొచ్చిన ఫ్రెంచ్ వాళ్ళూ ఓడిపోయింది అక్కడే.

1778 డిసెంబర్లో బ్రిటిష్ వాళ్ళు ఊరు పట్టుకున్నారా, మరుసటి సెప్టెంబర్లో అమెరికన్ల తరఫున ఫ్రెంచ్ నౌకాదళంతో డెస్టాంగ్ అనే సేనాపతి వచ్చి లొంగిపొమ్మన్నాడు. లోపలున్న బ్రిటిష్ జనరల్ ప్రెవోస్ట్ ఆలోచించుకోడానికి 24 గంటలు టైమ్ అడిగితే ఈ మహానుభావుడు ఇచ్చేశాడు! ఆ గడువులోనే మెయిట్‌లాండ్ అనే బ్రిటిష్ కల్నల్ బ్యూఫోర్ట్ అనే ఊరి నుంచి దాదాపు 800 మందిని చిత్తడి కాలవల్లోంచి బురదలో పడి ఊళ్ళోకి చేర్చేశాడు. ఇంకెక్కడి లొంగడం.

ఆ తర్వాతే కోట దగ్గరికి తీసుకెళ్ళు. అమెరికన్ జనరల్ పేరు లింకన్ అంటే ఆ లింకనేనా అని పెద్దాడు అడుగుతాడు, కాదు, ఈయన బెంజమిన్. అక్టోబర్ 9 తెల్లారకముందే దాడి అనుకున్నారు, దళాలు లేటయ్యాయి, పొగమంచు, కొందరు బురదలో దిగబడ్డారు, గంటసేపట్లో అమెరికన్, ఫ్రెంచ్ వైపు చచ్చినవాళ్ళూ గాయపడ్డవాళ్ళూ కలిపి 800 దాకా. అమెరికన్ల తరఫున పోరాడ్డానికి పోలండ్ నుంచి వచ్చిన పులాస్కీకి దెబ్బ తగిలింది ఇక్కడే, తర్వాత పోయాడు. ఊరు మాత్రం 1782 జులై దాకా అమెరికన్ల చేతికి రాలేదు. అక్కడ 800 రాళ్ళు వరసగా పాతారు, నువ్వేం చెప్పకు, పిల్లల్నే లెక్కపెట్టమను.

సాయంత్రం సన్న దోమలు కుడతాయి, ఫుల్ హ్యాండ్స్ వేయండి. ఫ్రాంక్లిన్ స్క్వేర్ మాత్రం మానొద్దు, హైతీ నుంచి వచ్చి ఈ యుద్ధంలో పోరాడిన నల్లజాతి సైనికుల విగ్రహాలున్నాయి, అందులో డ్రమ్ము పట్టుకున్న పిల్లాడొకడు. వాడి పక్కన మనోళ్ళని నిలబెట్టి ఫోటో తీసి పంపు, మేం వెళ్ళినప్పుడు సరిగ్గా అక్కడే నా ఫోన్ చచ్చిపోయింది.