కోత మీ కంచంలో కాదమ్మా, కుదువ వడ్డీలో

ఉత్తరం: "తిరుపతి కొర్లగుంటలో బాడుగింట్లో ఉన్నాం. పాపకు నాలుగేళ్ళు, బాబుకు ఎనిమిది నెలలు. మా ఆయన రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో పని చేస్తాడు. జీతం 20,800 అంటారు గానీ చేతికొచ్చేది 18,900. బాడుగ 5,000, పాప స్కూలు ఫీజు, వ్యాను కలిపి 1,800, బండి కంతు 2,100, ఊర్లో ఉండే అత్తకు 1,500 పోతుంది. బాబు కాన్పుకు నా నగలు కుదువ పెట్టి 60,000 తెచ్చినాం. నూటికి మూడు రూపాయల లెక్కన నెలకు 1,800 వడ్డీ. కరెంటుకు ఓనరు యూనిట్‌కు 9 రూపాయలు తీసుకుంటాడు. ఎంత పట్టి పట్టి ఖర్చు పెట్టినా 20వ తేదీకి చేతిలో రూపాయి ఉండదు. 'ఇంట్లోనే ఉంటావు, దుడ్డంతా ఏడకి పోతాంది' అంటాడు. చెయ్యి చేసుకోడు, కానీ ఆ మాట తట్టుకోలేకున్నా. పాల కాడ, డైపర్ల కాడ రోజూ గొడవే. రాత్రిపూట మజ్జిగ తాగి పడుకుంటాండా. పొద్దున లేస్తే కళ్ళు తిరుగుతాండాయి. ఆయనకు తెలీకుండా పక్కింటి అక్క దగ్గర 5,000 చేబదులు తెచ్చినా. ఇది చాలదన్నట్టు కొండకు వచ్చే చుట్టాలంతా మా ఇంట్లోనే దిగుతారు. ఖర్చు ఎట్ట తగ్గించుకోవాల్నో చెప్పండి."

అమ్మా, డబ్బు సంగతి తర్వాత. ఈ రాత్రి అన్నం తినండి. బాబు ఇంకా మీ పాలు తాగుతున్నాడు. ఆరు నెలలు దాటాక కూడా పాలిచ్చే తల్లికి మామూలు కంటే రోజుకు 500 కేలరీలకు పైగా ఎక్కువ తిండి కావాలి. మీరేమో ఉన్న తిండిలోనే ఒక పూట మానేస్తున్నారు. కళ్ళు తిరగడం రక్తం తక్కువై కావచ్చు. దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి రక్త పరీక్ష చేయించుకోండి. అక్కడ డబ్బు తీసుకోరు, ఐరన్ మాత్రలు కూడా ఇస్తారు. బాబుకు తొమ్మిది నెలలు నిండాక వేయించాల్సిన తట్టు టీకా కూడా అక్కడే వేస్తారు, దాని తేదీ కూడా అప్పుడే అడిగి రండి. మీరు మంచాన పడితే ఆ ఇంటికి వచ్చే ఖర్చు ముందు మీరు మిగిల్చే గుప్పెడు బియ్యం ఏ లెక్కలోకీ రాదు.

ఇక మీ ఆయన అడిగిన ప్రశ్న. దానికి జవాబు మీ ఉత్తరంలోనే ఉంది, మీరు కూడి చూసుకోలేదంతే. బాడుగ, స్కూలు, కంతు, అత్తగారు, వడ్డీ మొత్తం 12,200. ఆ డబ్బు మీ చేతి మీదుగా పోతోంది గానీ మీ చేతిలో నిలవడం లేదు. ఇంటి ఖర్చుకు నిజంగా మిగిలేది 6,700. రోజుకు 220 రూపాయల చిల్లర. అందులోనే బియ్యం, పప్పు, నూనె, పాలు, గ్యాసు, కరెంటు, సబ్బులు, జ్వరం మందులు, బాబు ఖర్చు, చుట్టాల భోజనాలు. నలుగురున్న ఇంటిని ఆ డబ్బుతో 20వ తేదీ దాకా లాక్కొచ్చే మనిషిని దుబారా మనిషి అనడం అన్యాయం. ఈ ముక్క మీ ఆయన కూడా చదవాలనే రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు కోయాల్సింది ఆ 1,800. నూటికి మూడు రూపాయలంటే వినడానికి చిన్నగానే ఉంటుంది. ఏడాదికి అది నూటికి 36. బాబు పుట్టి ఎనిమిది నెలలైంది, ఇప్పటికే 14,400 కట్టేశారు. అసలులో ఒక్క రూపాయి తగ్గలేదు. ఇంకో పదేళ్ళు ఇలాగే కట్టినా తగ్గదు. అదే నగ బ్యాంకులో పెడితే వడ్డీ ఏడాదికి నూటికి సుమారు 9, 10 రూపాయలు. పది అనుకున్నా 60,000కు నెలకు 500. అంటే నెలకు 1,300 తేడా.

నగ అంగట్లో ఉంటే బ్యాంకులో ఎలా పెట్టడం అంటారు. మీ నాన్ననో అన్ననో ఒక్క రోజుకు అడగండి. పొద్దున అంగడికి వెళ్ళి అసలు కట్టి నగ విడిపించుకుని, బరువు చూసుకుని, నేరుగా బ్యాంకుకు వెళ్ళి, సాయంత్రానికి వాళ్ళ డబ్బు వాళ్ళకిచ్చేయొచ్చు. ఆ రోజు మీ ఆయన సెలవు పెట్టి వెంట రావాలి. ముందురోజే బ్యాంకుకు వెళ్ళి ఆధార్, పాస్‌బుక్కు, ఫోటోలు ఏవేవి కావాలో అడిగి పెట్టుకోండి. బంగారం ధర ఇంత పెరిగాక 60,000 కోసం పెట్టిన నగలన్నీ మళ్ళీ పెట్టాల్సిన పని ఉండకపోవచ్చు. ఒకటి రెండు ఇంటికి తిరిగొచ్చినా రావచ్చు.

మిగిలే 1,300ను ఖర్చులో కలిపేయకండి. మొదటి నాలుగు నెలలు అది పక్కింటి అక్కకు. ఆ 5,000 తీరాక, ఇప్పుడు కడుతున్న 1,800నే బ్యాంకులో కడుతూ పోండి. వడ్డీ పోను మిగతాది అసలులో తగ్గుతుంది. సుమారు 40 నెలల్లో నగలు మీ పెట్టెలో ఉంటాయి. బ్యాంకు అప్పును మాత్రం గడువు తేదీకి మరిచిపోకుండా తిరగ రాయించుకోవాలి.

ఆ చేబదులు మాట ఆయనకు మీరే చెప్పాలి. పక్కింటి అక్క నోట వింటే ఆయనకు 5,000 కంటే దాచిన సంగతే గుచ్చుకుంటుంది. జీతం పడిన రోజు రాత్రి, పిల్లలు పడుకున్నాక, నోటు పుస్తకం ముందు పెట్టుకుని కూర్చోండి. గొడవ జరిగిన రోజు వద్దు. ముందు ఆ 12,200 ఆయన చేతే రాయించండి. పెన్ను ఆయన చేతిలో ఉంటే ఆ అంకెలు ఆయనవవుతాయి. ఆ తర్వాత, "చాలక అక్క దగ్గర తెచ్చినా, చెప్పేదానికి భయపడినా" అని ఉన్నదున్నట్టు చెప్పండి. కోప్పడితే కోప్పడనివ్వండి. ఆ తర్వాత ఒక నెల సరుకులు, కూరగాయలు ఆయన్నే తెమ్మనండి. పంతానికి కాదు, ఆదివారం పూట పాపను బండి మీద కూర్చోబెట్టుకుని రైతుబజారుకు వెళ్ళి టమోటాలు, ఆకుకూరలు బేరం చేసి తెచ్చుకుంటే చాలు. నాకు తెలిసిన చాలా ఇళ్ళల్లో 'ఏడకి పోతాంది' అనే మాట అక్కడితో ఆగిపోయింది. ఎప్పుడైనా మాట దాటి చెయ్యి లేస్తే మాత్రం ఈ సర్దుబాట్లేవీ వర్తించవు. అప్పుడు మహిళల హెల్ప్‌లైన్ 181కు ఫోన్ చేయండి.

చుట్టాల సంగతి తిరుపతిలో కాపురం చేసేవాళ్ళకే అర్థమవుతుంది. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, గంగ జాతర, వేసవి సెలవులు, శని ఆదివారాలు. 'కొండకు వస్తున్నాం, రాత్రికి మీ ఇంట్లోనే' అని ఫోన్ వస్తే కాదనే నోరు మనకు లేదు. స్వామి దగ్గరికి వచ్చేవాళ్ళకు అన్నం పెట్టడం పుణ్యమనే మన నమ్మకం మంచిదే, దాన్ని వదులుకోమని నేను చెప్పను. ఐదుగురొచ్చి ఒక రాత్రి ఉంటే ఏమవుతుందో మీ ఇంట్లో చూస్తున్నదే: అదనంగా రెండు లీటర్ల పాలు, రెండు కూరలు, పొద్దున ఇడ్లీ వడ, అలిపిరికి ఆటో, కొండ దిగొచ్చాక చికెన్, పోయేటప్పుడు పిల్లల చేతిలో ఏదో ఒకటి పెట్టి పంపడం. మీ నాలుగైదు రోజుల డబ్బు ఒక్క పూటలో అయిపోతుంది.

అన్నం పెట్టండి, ఇంట్లో వండిందే పెట్టండి. సంగటి, చెనక్కాయల ఊరుబిండి, పులగూర పెడితే ఊరి నుంచి వచ్చినవాళ్ళు చిన్నబుచ్చుకోరు, ఇంకో ముద్ద అడుగుతారు. పడక మాత్రం బయట చూసుకోమనండి. బస్టాండు ఎదురుగా శ్రీనివాసం ఉంది, రైల్వేస్టేషన్ ఎదురుగా విష్ణునివాసం ఉంది. రెండూ దేవస్థానం వసతి గృహాలే, ముందుగా బుక్ చేసుకోవచ్చు. కొండ మీద వెంగమాంబ అన్నప్రసాద భవనంలో భోజనం ఎలాగూ ఉంది. ఈ మాట ఎవరు చెప్పాలన్నదే ముఖ్యం. ఆయన తరపు వాళ్ళకు ఆయన, మీ తరపు వాళ్ళకు మీరు. "అక్కా, చంటిబిడ్డ రాత్రుళ్ళు నిద్రపోనీడు, ఉండేది ఒక్క గది. శ్రీనివాసంలో దిగి పొద్దున మా ఇంటికి టిఫినుకు రాండి" అని ఫోన్లోనే ముందుగా చెప్పాలి. సామాను దించాక చెప్తే అది అవమానమే. ఒకరిద్దరు నొచ్చుకుంటారు. నొచ్చుకోనివ్వండి. మీ పిల్లల పాలకు డబ్బు లేని నెలలో వాళ్ళెవరూ పంపరు.

బాబు ఖర్చులో నేను కోయమనేది డైపర్లు, డబ్బా పిండ్లు. డైపరు ఒకటి పది రూపాయలనుకున్నా, రోజుకు ఐదంటే నెలకు 1,500. పగలంతా మెత్తబడిన పాత పంచె, కాటన్ చీర గుడ్డలు వాడండి. మన ఊరి ఎండకు గంటలో ఆరిపోతాయి, ఒంటికి కూడా మంచిది. రాత్రికి ఒకటి, ఆసుపత్రికో ఊరికో వెళ్ళేటప్పుడు ఒకటి ఉంటే చాలు. గుడ్డలు ఉతికే పని మళ్ళీ మీ నెత్తిన పడితే ఇది పొదుపు కాదు, మీ రెక్కల కష్టం. ఆయన డ్యూటీ నుంచి వచ్చాక ఆ బకెట్ ఆయనదని మొదటిరోజే అనుకోండి.

డబ్బా పిండి బదులు మన చిత్తూరు సీమ రాగుల్ని మించింది లేదు. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. కిలో రాగులు నాలుగైదు నీళ్ళు పోసి కడిగి, రాళ్ళు లేకుండా గాలించి రాత్రంతా నానబెట్టండి. పొద్దున నీళ్ళు వంచేసి తడిగుడ్డలో మూట కట్టి, గుడ్డ ఆరినప్పుడల్లా నీళ్ళు చిలకరిస్తుంటే మర్నాటికి తెల్లటి మొలక కనిపిస్తుంది. మొలక పొడుగు సాగనివ్వకుండా నీడలో ఆరబోసి, సన్నమంట మీద కమ్మటి వాసన వచ్చేదాకా దోరగా వేయించి, చేత్తో నలిపి మొలకలు చెరిగేసి పిండి ఆడించండి. పల్చటి గుడ్డలో జల్లించి గాలి చొరని డబ్బాలో పోసుకోండి. రెండు చెంచాల పిండి చల్లనీళ్ళలో ఉండలు లేకుండా కలిపి పొయ్యి మీద బాగా ఉడికించి, దించాక అర చెంచా నెయ్యి వేయండి. ఏడాది నిండేదాకా చక్కెర, ఉప్పు, తేనె వద్దు. దీంతో పాటు మెత్తగా మెదిపిన పప్పన్నం, అరటిపండు, కోడిగుడ్డు పెడుతుంటే డబ్బా మాటే మరిచిపోతారు. పాపకు ఎత్తు పెరిగే పొడులు కొంటుంటే ఆపేయండి, వాటిలో చక్కెరే ఎక్కువ. ఒక గుడ్డు, గుప్పెడు వేయించిన చెనక్కాయలు, బెల్లం ముక్క చాలు.

పథకాల గురించి ఒక మాట. పట్టణంలో బియ్యం కార్డుకు నెలాదాయం 12,000 లోపు ఉండాలి. మీకు అది దాటుతుంది కాబట్టి కార్డుతో వచ్చేవాటిని నమ్ముకుని లెక్క వేసుకోవద్దు. కార్డు అడగనివి మాత్రం ఒక్కటి కూడా వదలొద్దు. అంగన్‌వాడీలో బాబు పేరు రాయిస్తే ఇంటికి పౌష్టికాహారం ఇస్తారు. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు అక్కడే వేడి భోజనం, గుడ్డు, పాలు, ఆటపాటలు ఉంటాయి. పాపను ఈ ఏడు మధ్యలో కదిలించకండి. నాలుగేళ్ళ బిడ్డకు వ్యాను ఎక్కి పోయే బడి అవసరం లేదన్నది మాత్రం నా గట్టి అభిప్రాయం. వీధిలో పిల్లలంతా టై కట్టుకుని పోతున్నారని పంపుతుంటే, జూన్‌లో ఇద్దరూ మళ్ళీ ఆలోచించండి. మీ పుట్టింటికి వెళ్ళాలన్నా రైతుబజారుకు వెళ్ళాలన్నా ఆధార్ చేతిలో ఉంటే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బు లేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఇది నడుస్తోంది.

మీరు గమనించని పెద్ద వసతి ఇంకొకటుంది. మీ ఆయన జీతం 21,000 లోపు కాబట్టి ఉద్యోగుల వైద్య బీమా అయిన ఈఎస్‌ఐ ఉండాలి. జీతం చీటీలో ఆ కోత ఉందో లేదో చూడమనండి. ఉంటే ఆ కార్డులో మీ పేరు, పిల్లల పేర్లు, అత్తగారు ఆయన మీదే ఆధారపడి ఉంటే ఆమె పేరు చేర్పించమనండి. తిరుపతిలో ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. చూపించుకోవడం, మందులు ఉచితం. ఇది ఎవరో ఇచ్చే దానం కాదు, నెలనెలా ఆయన జీతంలోంచి కట్టే డబ్బుకు మీకున్న హక్కు. వాడకపోతే కట్టింది కట్టినట్టే పోతుంది.

కరెంటుకు యూనిట్ 9 రూపాయలన్నది మీకు అన్యాయమే. ఇళ్ళకు మొదటి 30 యూనిట్లు 1.90, 75 వరకు 3, 125 వరకు 4.50 రూపాయలే. 100 యూనిట్లకు 300 చిల్లర అవుతుంది, మిగతా ఛార్జీలు కలిసి ఇంకొంచెం పెరిగినా ఓనరు తీసుకునే 900 దరిదాపుల్లోకి రాదు. ఆయన కిందా మీదా అన్ని ఇళ్ళకూ ఒకే మీటరు పెట్టి ఉంటే బిల్లు పై స్లాబుల్లోకి పోయి ఆయనకూ ఎక్కువే పడుతుంటుంది. వేరే మీటరు పెట్టించమని నెమ్మదిగా అడగండి. పెట్టించే ఖర్చు మీరు సగం భరిస్తామన్నా కొన్ని నెలల్లో తిరిగి వస్తుంది.

అత్తగారికి పంపే 1,500 జోలికి మాత్రం పోవద్దు. పుస్తకం ముందు కూర్చున్న రాత్రి మీరు ఆ అంకె మీద వేలు పెడితే మిగతా ఏ మాటా ఆయన చెవికెక్కదు. ఆమెకు పింఛను 4,000 వస్తోందా, రాకపోతే అర్హత ఉందా అని కనుక్కోవాల్సింది కొడుకే, కోడలు కాదు. మీరు ఆమెను అడగదగ్గది వేరే ఉంది. ఈసారి ఊరి నుంచి వచ్చేటప్పుడు రాగులు, చెనక్కాయలు, అలసందలు తెమ్మనండి. వారం రోజులుండి బాబును చూసుకుంటే ఆ వారంలోనే నగల పని, రక్త పరీక్ష, అంగన్‌వాడీ పని చక్కబెట్టుకోవచ్చు.