సాగా అని దేన్ని అనవచ్చు?

మూడు భాగాలుగా వస్తున్న సినిమాను పత్రికలు సాగా అని రాస్తున్నాయని, కథ నిడివి పెరిగితే సాగా అయిపోతుందా అని, అసలు ఈ ప్రక్రియ ఎక్కడ పుట్టిందని మీరు అడిగారు. కడపలో డిగ్రీ విద్యార్థులకు చాలాకాలం ఆంగ్ల సాహిత్యం బోధించినవాడిగా, అంతకుముందు జమ్మలమడుగు వైపు పల్లెలో పెద్దల నోట కక్షల కథలు వింటూ పెరిగినవాడిగా నాకు తెలిసింది చెబుతాను. సాగాకు గుర్తు నిడివి కాదు. ఒక తరం చేసిన పని తర్వాతి తరం మెడకు చుట్టుకోవాలి, ఆ వైనాన్ని కథకుడు తన తీర్పు చొప్పించకుండా నింపాదిగా చెప్పుకుంటూ పోవాలి.

ఈ ప్రక్రియ పుట్టిల్లు ఐస్‌లాండ్. 870 ప్రాంతం నుంచి ముఖ్యంగా నార్వే నుంచి వెళ్లి అక్కడ స్థిరపడినవారు 930లో ఆల్‌థింగ్ అనే సభను ఏర్పాటు చేసుకున్నారు. ఏటా వేసవిలో అక్కడ చేరి చట్టాలు వినేవారు, వ్యాజ్యాలు నడుపుకొనేవారు. అయితే ఆ దేశానికి రాజు లేడు, తీర్పును అమలుపరిచే బలగమూ లేదు. వ్యాజ్యం గెలిచినవాడే తన బంధువులనూ మిత్రులనూ వెంటబెట్టుకొని తీర్పును అమలు చేసుకోవాల్సి వచ్చేది. చట్టం ఉండి దాన్ని నిలబెట్టే చేయి లేనిచోట పగలు ఎలా పెరుగుతాయో రాయలసీమవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ కాలపు కుటుంబాల కథలు నోటిమాటగా సాగి, ఎక్కువగా 13వ శతాబ్దంలో దూడ తోలు మీదికి ఎక్కాయి. రాసినవారి పేర్లు దాదాపుగా తెలియవు. మహాకావ్యాలలాగా పద్యంలో దేవతల కథ నడపకుండా, నడుమ నడుమ కొన్ని పద్యాలు చేర్చినా, రైతుల జీవితాన్ని తేట వచనంలో చెప్పడం వీటి విశిష్టత.

వీటిలో నేను అన్నిటికన్నా మిన్నగా తలచేది న్యాల్ సాగా. అందులో గున్నార్ అనే వీరుడి భార్య హాల్‌గెర్డ్ కరవు కాలంలో పొరుగింటి నుంచి ఆహారం దొంగిలింపజేస్తుంది. అది తెలిసి గున్నార్ ఆమెను చెంపదెబ్బ కొడతాడు. కొన్నేళ్లకు శత్రువులు ఇంటిని చుట్టుముట్టి అతని వింటినారిని తెంచినప్పుడు, నారి పేనడానికి నీ జుట్టులో రెండు పాయలు ఇవ్వమని భార్యను అడుగుతాడు. తన ప్రాణం దాని మీదే ఉందని కూడా చెబుతాడు. ఆమె ఆనాటి చెంపదెబ్బను గుర్తుచేసి ఇవ్వనంటుంది. అతను బతిమాలడు, పోరాడి చనిపోతాడు. కథకుడు ఆమెను నిందించడు, సమర్థించడు.

ఈ ఘట్టాన్ని ఒకసారి మా పెదనాయనకు తెలుగులో చెప్పినప్పుడు ఆయన అడిగిన మొదటి ప్రశ్న "ఆయమ్మ పుట్టినిల్లు ఏది?" అని. మా ఊళ్లో ఏ కథయినా ఫలానా వారి కొడుకు, ఫలానా ఊరి అల్లుడు అనే వరుసతోనే మొదలవుతుంది. ఆయన ప్రశ్నకు సమాధానం ఆ పుస్తకం మొదటి అధ్యాయంలోనే ఉంది. పొడవాటి పట్టులాంటి జుట్టుతో ఆడుకుంటున్న చిన్నపిల్లగా ఆమె అక్కడే కనిపిస్తుంది. మన వంశంలోకి దొంగకళ్లు ఎలా వచ్చాయో అని చిన్నాన్న హ్రూట్ ఆమె తండ్రితో అంటాడు. ఆ జుట్టు, ఆ దొంగతనం రెండూ చాలా అధ్యాయాల తర్వాత కలిసి గున్నార్ ప్రాణం తీస్తాయి. నా దృష్టిలో సాగా కథనశిల్పం పూర్తిగా ఇందులోనే ఉంది.

ఈ రాతప్రతులు మనదాకా రావడానికి ముఖ్య కారకుడు ఆర్ని మాగ్నుసన్ అనే పండితుడు. ఆయన ఊరూరా సేకరించిన గ్రంథాలలో కొన్ని 1728 కోపెన్‌హేగన్ అగ్నిప్రమాదంలో కాలిపోగా, మిగిలినవాటిలో చాలావాటిని డెన్మార్క్ 1971 నుంచి విడతలుగా ఐస్‌లాండ్‌కు తిరిగి ఇచ్చింది. కడపలో పండితులను కూర్చోబెట్టి తాళపత్రాలను పరిష్కరింపజేసిన బ్రౌన్ దొరను తెలిసినవారికి ఈ శ్రమ విలువ సులభంగా అర్థమవుతుంది.

ఇక ఆధునిక వాడుకకు వస్తే, ఆంగ్ల నవలాకారుడు గాల్స్‌వర్తీ 1922లో ఒక లండన్ సంపన్న కుటుంబం మీది తన నవలలను ఫోర్సైట్ సాగా పేరుతో ఒకే సంపుటంగా తెచ్చాక, అనేక తరాల కుటుంబ కథకు ఆ పేరు స్థిరపడింది. సినిమాలలో గాడ్‌ఫాదర్ రెండో భాగం (1974) తండ్రి యవ్వనాన్నీ కొడుకు పతనాన్నీ పక్కపక్కన నడిపించిన తీరు అసలు సాగాకు చాలా దగ్గర. మన ఫ్యాక్షన్ సినిమాలలో తరాల పగ ఉంటుంది గాని రాజీ ఉండదు. న్యాల్ సాగాలో గున్నార్ మిత్రుడైన న్యాల్ కొడుకులు చేసిన ఒక హత్యకు పరిహారంగా వెండి పోగుచేసి రాజీ కుదిర్చాక, దాని మీద పెట్టిన ఒక పట్టు వస్త్రం దగ్గర మాట పట్టింపు వచ్చి అంతా చెడిపోతుంది. చివరికి న్యాల్ ఇంటికే నిప్పు పెడతారు. పంచాయితీలో కుదిరిన రాజీ ఒక్క మాటతో విరగడం మన పల్లెలకు కొత్త కాదు, అయినా మన తెర మీద అది అరుదు. మీరు అడిగిన సినిమా మూడు భాగాలలోనూ ఒకే వీరుడి విజయాలే చూపిస్తే దాన్ని ధారావాహిక అంటే చాలు. మొదటి భాగంలో అతను చేసిన తప్పుకు మూడో భాగంలో అతని బిడ్డలు మూల్యం చెల్లిస్తే మాత్రం పత్రికలు వాడిన మాట సరైనదే.

చదవాలనుకుంటే న్యాల్ సాగా ఆంగ్లానువాదంతో మొదలుపెట్టండి. పేర్లు కలగాపులగం కాకుండా ఒక కాగితం మీద వంశవృక్షం గీసుకుంటూ చదవండి. మొదటి ఇరవై అధ్యాయాలలో వచ్చే పెళ్లిళ్లను మాత్రం దాటవేయకండి, తర్వాతి పగలన్నిటికీ వేళ్లు వాటిలోనే ఉన్నాయి.